సోమశిల నీళ్ల మీద పద్నాలుగు అడుగుల పడవ: మరమ్మతు డైరీ

2025 ఫిబ్రవరి 9, ఆదివారం

నెల్లూరు జిల్లా ఆత్మకూరులో నాకు మోటార్లకు వైండింగ్ కట్టే చిన్న దుకాణం ఉంది. మా అక్క భర్త సోమశిల జలాశయంలో వల వేసి బొచ్చె, శీలావతి పడతాడు. సంక్రాంతి దాటిన పది రోజులకు ఒక సాయంత్రం ఆయన పడవ నడినీళ్లలో సగానికి పైగా నిండిపోయి, ఎలాగో మునగకుండా ఒడ్డు చేరింది. ఆ రోజు ఏం జరిగిందో బావ చేత మూడుసార్లు చెప్పించుకుని, పడవను బాగుచేసే పని నెత్తికెత్తుకున్నాను. ఆదివారాలు దుకాణం మూస్తాను కనుక ఈ పని కూడా ఆదివారాలే సాగుతుంది. జరిగినది జరిగినట్లు ఇందులో రాసుకుంటాను.

జలాశయం నిండినప్పుడు మునిగిపోయిన చెట్ల మోడులు అడుగున ఇంకా నిలబడే ఉన్నాయి. వల అటువంటి మోడుకు తగులుకుంది. బావ, తోడు వెళ్లిన కుర్రవాడు ఇద్దరూ ఇంజను పక్కనే వెనుక వైపు నిలబడి బలంగా లాగారు. ఇంజను తగిలించడానికి వెనుక పలకను మధ్యలో జానెడు మేర కోసి తగ్గించి ఉంటారు; మామూలు రోజుల్లోనే ఆ కోత నీటికి జానెడు ఎత్తున కూడా ఉండదు. ఇంజను బరువుకు ఇద్దరు మనుషుల బరువు, దానికి వలను లాగే బలం తోడై, అది నాలుగు వేళ్ల ఎత్తుకు దిగిపోయింది. అప్పుడు వచ్చిన ఒక అల ఆ కోత మీదుగా లోపలికి దూకింది. వచ్చిన నీరు వెనుకనే నిలిచి పడవను ఇంకాస్త దించడంతో రెండో అలకు దారి సులువైంది, మూడో అలకు ఇంజను ఆగిపోయింది. బావ కత్తితో వల తాళ్లు తెంచి ముందు వైపుకు పాకడం, కుర్రవాడు అన్నం క్యారియరు గిన్నెతో ఆగకుండా తోడడం వల్ల ఇద్దరూ బతికి బయటపడ్డారు.

నా వృత్తి మోటార్లు కనుక నాకు తోచిన మందు కూడా మోటారే: పడవ అడుగున నీరు తోడే పంపు ఒకటి పెట్టేస్తే సరిపోతుందనుకున్నాను.

2025 ఫిబ్రవరి 16, ఆదివారం

పడవను ట్రాక్టరు మీద మా ఇంటి వెనుక ఖాళీ స్థలానికి తెచ్చాము. ఫైబర్ పడవ, 14 అడుగుల పొడవు, నాలుగున్నర అడుగుల వెడల్పు. దారిలో పాత ఇనుము కొనేవారి కాటా మీద తూచాము: ఖాళీ పడవ 140 కిలోలు, 8 హార్స్‌పవర్ ఇంజను 38 కిలోలు.

చిల్లులు వెతకడానికి పడవను నీటిలో దించనవసరం లేదు. పడవను దిమ్మెల మీద ఎత్తి నిలబెట్టి, లోపల జానెడు లోతున నీళ్లు నింపి, బయట అంతా పొడి గుడ్డతో తుడిచి, పది నిమిషాలు ఆగితే కారే చోటు దానంతట అదే తడితో కనబడుతుంది. మాకు మూడు చోట్ల కనబడింది. ఒడ్డున రాళ్ల మీదకు లాగి లాగి ముందు వైపు అడుగు అరిగిపోయిన చోట వెంట్రుక మందం పగులు ఒకటి ఉంది. ఇంజను పలకకు బిగించిన నాలుగు బోల్టుల్లో రెండింటి చుట్టూ చెమ్మ ఊరుతోంది. మూడోది, అన్నిటికన్నా ఘోరమైనది, నీళ్లు వదలడానికి వెనుక అడుగున ఉండే రంధ్రం. దాని అసలు బిరడా ఎప్పుడో పోయింది. దాని బదులు గుడ్డ చుట్టిన కొబ్బరి పీచు ముద్ద దూర్చి ఉంది. బావను అడిగితే, ‘రెండేళ్ల నుంచి అట్నే ఉండాది, ఏం కాలేదు గదరా’ అన్నాడు.

ఆ రంధ్రం 25 మిల్లీమీటర్లు. అది ఊడితే ఎంత నీరు వస్తుందో కళ్లతో చూడాలనిపించి, పాత డ్రమ్ముకు అడుగున అదే కొలత రంధ్రం పెట్టి, రంధ్రం మీద 15 సెంటీమీటర్ల ఎత్తున నీరు నిలిచేటట్లు పైనుంచి పైపు వదిలాను. పది లీటర్ల బకెట్టు 20 సెకన్లలో నిండింది. అంటే నిమిషానికి 30 లీటర్లు, పది నిమిషాలు చూసుకోకపోతే 300 కిలోల బరువు. లోతు నాలుగింతలు చేసి 60 సెంటీమీటర్ల నీరు నిలిపితే బకెట్టు పది సెకన్లకే నిండింది. లోతు నాలుగింతలైతే ధార వేగం రెండింతలే అవుతుందన్నది బడిలో చదివిన సూత్రమే అయినా, బకెట్టులో చూస్తేగాని నమ్మకం కుదరలేదు.

2025 ఫిబ్రవరి 23, ఆదివారం

పంపు వచ్చింది. అట్టపెట్టె మీద గంటకు 1,100 గ్యాలన్లు అని ఉంది. అది అమెరికా గ్యాలన్ కనుక గంటకు సుమారు 4,160 లీటర్లన్న మాట. కాని ఆ లెక్క గొట్టం లేకుండా, ఎత్తు లేకుండా తోడినప్పటిది. నేను 12 వోల్టుల బ్యాటరీకి తగిలించి, మీటరు ఎత్తుకు గొట్టం పెట్టి, డ్రమ్ములోకి తోడించి కొలిస్తే నిమిషానికి 40 లీటర్లు వచ్చింది. అట్టపెట్టె మీది అంకెలో పదింట ఆరు పాళ్లకు కాస్త తక్కువ. ముందు తగిలించిన ముడతల గొట్టంతో అదీ రాలేదు, లోపల నున్నగా ఉండే గొట్టం మార్చాకే వచ్చింది.

బిగింపులో రెండు జాగ్రత్తలు తీసుకున్నాను. గొట్టం బయటి మూతి ఎప్పుడూ నీటి మట్టానికి పైనే ఉండాలి. పడవ బరువెక్కి ఆ మూతి నీటిలో మునిగితే, పంపు ఆగిన మరుక్షణం బయటి నీరే ఆ గొట్టం గుండా లోపలికి ఎదురు ప్రవహిస్తుంది. అందుకే దానిని అంచుకు రెండు వేళ్ల కింద పెట్టాను. రెండవది, పంపు తీగను ఇంజను తాళంతో కలపకుండా బ్యాటరీ నుంచి నేరుగా, బ్యాటరీ పక్కనే ఫ్యూజు పెట్టి తెచ్చాను, ఎందుకంటే ఇంజను ఆగినప్పుడే పంపుతో ఎక్కువ అవసరం. నీరు నాలుగు వేళ్లు లేస్తే దానంతట అదే తిరిగేలా ఫ్లోట్ స్విచ్ పెట్టాను. మన ఇళ్ల మీది ట్యాంకుల్లో ఉండే రకమే, పరిమాణం చిన్నది.

మధ్యాహ్నం వల బాగుచేసుకోవడానికి వచ్చిన ఒక పెద్దాయన ఇదంతా చూసి, ‘పంపు ఉండాది గదా అని నువ్వు తోడకుండా కూచుంటావు అబ్బయా, ముంచేది అదే’ అన్నాడు. అప్పటికి నవ్వి ఊరుకున్నాను. రాత్రి భోజనం తరువాత కాగితం మీద లెక్క వేస్తే ఆయన మాటకు అంకెలు దొరికాయి. వెనుక పలక కోత అర మీటరు వెడల్పు. దాని మీదుగా అర జానెడు మందాన, అంటే పది సెంటీమీటర్ల మందాన, ఒక్క సెకను పాటు అల పొర్లితే 25 లీటర్లకు పైగా లోపలికి వస్తుంది. దానిని బయటికి పోయడానికి నా పంపుకు 40 సెకన్లు పడుతుంది. గాలి లేచిన రోజున తరువాతి అల మూడు సెకన్లలో వస్తుంది. అంటే నేను రెండు వారాలుగా పెట్టుకున్న నమ్మకం తప్పు. ఊరే నీటికి, వాన నీటికి పంపు చాలు. పొర్లే నీటికి అది చాలదు.

2025 మార్చి 9, ఆదివారం

పంపును అలాగే ఉంచి, పని క్రమం మార్చాను. ముందు నీరు వచ్చే దారులు మూయాలి, ఆ తరువాత నిండినా మునగకుండా చూడాలి.

వెనుక పలకకు రెండడుగుల ముందు, పడవ అంచు ఎత్తున, అడ్డంగా రెండో పలక నిలబెట్టాము. కోత మీదుగా వచ్చిన అల ఈ రెండు పలకల నడిమి తొట్టిలో పడి, తొట్టి అడుగున వెనక్కి తెరిచిన రెండు రంధ్రాల గుండా తిరిగి బయటికే పోతుంది. ఈ తొట్టి అడుగు బయటి నీటి మట్టం కన్నా ఎత్తులో ఉండాలి, లేకపోతే ఆ రంధ్రాలే కొత్త దారులవుతాయి. 12 మిల్లీమీటర్ల వాటర్‌ప్రూఫ్ ప్లైవుడ్ కోసి, రెండు వైపులా ఫైబర్ చాప వేసి, ఆరితే గట్టిపడే రెజిన్ అనే జిగురు పట్టించాము.

రెజిన్ గురించి ఒక మాట రాయాలి. పొద్దున ఏడు గంటలకు కలిపిన గిన్నె అరగంట నిలిచింది. అదే పాళ్లలో పదకొండు గంటలకు కలిపిన గిన్నె ఎనిమిది నిమిషాలకే జున్నులా గడ్డకట్టి, చేతికి కాలేంత వేడెక్కి, కుంచెను తనలోనే పట్టుకుని ఉండిపోయింది. ఆ కుంచె ఇప్పటికీ దుకాణంలో మేకుకు వేలాడుతోంది. మన ఎండల్లో ఈ పని తెల్లవారుజామునే, కొద్దికొద్దిగా కలుపుకుంటూ చేయాలి. రెజిన్‌ను గడ్డకట్టించడానికి కలిపే హార్డెనర్ తగ్గించి సర్దుకుందామంటే చాప ఎప్పటికీ జిగటగానే మిగులుతుంది.

పగులును గరుకు కాగితంతో రుద్ది మూడు పొరల చాప వేశాము. బోల్టులు విప్పి, సీలెంటు నింపి, వెడల్పాటి వాషర్లతో మళ్లీ బిగించాము. కొబ్బరి పీచు స్థానంలో మరతిప్పే ఇత్తడి బిరడా పెట్టి, దానిని గొలుసుతో పడవకే కట్టి, అటువంటిదే ఇంకొకటి ఇంజను తాళానికి తగిలించాను. తాళం చేతిలోకి తీసుకుంటే బిరడా సంగతి గుర్తు రావాలని ఉద్దేశం.

2025 మార్చి 30, ఉగాది

పచ్చడి తిని, దండం పెట్టుకుని, మధ్యాహ్నం నుంచి పనిలో కూర్చున్నాము. అక్క విసుక్కుంది, కానీ పని ఎవరి కోసమో ఆవిడకు తెలుసు కనుక ఎక్కువ అనలేదు.

చెక్క నావ నిండినా తేలుతుంది, ఫైబర్ పడవ నిండితే మునుగుతుంది. ఫైబర్ నీటికన్నా సుమారు ఒకటిన్నర రెట్లు బరువు. అయితే మునిగిన వస్తువు తాను తోసేసిన నీటి బరువు మేర తేలికపడుతుంది గనుక, 140 కిలోల పడవ నీటిలో 47 కిలోలుగానే తూగుతుంది. ఇంజనుకు 28, బ్యాటరీకి 6, లంగరు, వల గుండ్లకు 10 వేసుకున్నాను. నిండిన పడవలో ఇద్దరు మనుషులు నడుము పైదాకా నీటి బయట కూర్చోవాలంటే తలకు 40 చొప్పున 80. అంతా కలిపితే 171 కిలోలు. కొంచెం మిగులు చూసుకుని 200 లీటర్ల గాలి పడవలో ఎక్కడో బంధించి ఉంచాలి.

అందరూ చెప్పేది థర్మోకోల్. బావ ఒక పలక తెచ్చాడు కూడా. దాని మీద నేను మూతెడు పెట్రోలు పోశాను. నురగ కూడా రాకుండా, వేడి పెనం మీద వెన్నలా, పలకలో అరచేయంత గుంట పడిపోయి అడుగున బంక మిగిలింది. పెట్రోలు ఇంజను, పెట్రోలు డబ్బా ఉండే పడవలో, కళ్లకు కనబడకుండా నేల కింద దాచిన థర్మోకోల్ ఏడాది తరువాత ఉందో లేదో చెప్పగలిగేవారు ఎవరు? రసాయనాలకు వాడిన ప్లాస్టిక్ క్యాన్లు 20 లీటర్లవి ఆత్మకూరులోనే సెకండ్ హ్యాండులో దొరికాయి. శుభ్రంగా కడిగి ఆరబెట్టి, మూతలకు టేపు చుట్టి బిగించి, పది క్యాన్లు సిద్ధం చేశాము. ఒక్కొక్కటి నీటిలో 19, 20 కిలోల బలంతో పైకి తంతుంది కనుక, పట్టీలతో బిగించకపోతే అవి తేలి వెళ్లిపోయి పడవ మాత్రం అడుగున మిగులుతుంది. ఇంజను మోసే నైలాన్ పట్టీలనే వాడాను.

2025 ఏప్రిల్ 13, ఆదివారం

ఈ రోజు పడవను కావాలని ముంచాము.

చోటు చూసి ఎంచుకున్నాము: ఎండకాలం నీరు తగ్గి ఛాతీ లోతున, అడుగు చదునుగా, మోడులు లేకుండా ఉన్న ఒడ్డు వార. గాలి లేవక ముందు పొద్దున్నే వెళ్లాము. ముగ్గురమూ లైఫ్ జాకెట్లు తొడుక్కున్నాము. వాటి మీద 100 అని అచ్చు ఉంటే 100 న్యూటన్లు, అంటే సుమారు పది కిలోల పైకి తోసే బలం అని అర్థం. ఇంజనును ఒడ్డున విప్పి పెట్టి దాని బదులు 38 కిలోల ఇసుక మూట కట్టాము. ఇసుక, ఇంజనులో ఎక్కువగా ఉండే అల్యూమినియం రెండూ నీటిలో దాదాపు ఒకే పాళ్లలో తేలికపడతాయి కనుక ఈ మార్పిడి సరిపోతుంది.

నేను క్యాన్లను, వలకు చోటు పోకుండా, పడవ అడుగున బల్లల కింద అమర్చాను. బిరడా తీసి, బకెట్లతో కూడా నీళ్లు పోశాము. నీరు నిండుతున్నంతసేపు పడవ బాగానే ఉంది; అంచు దాకా నిండగానే మెల్లగా ఎడమ పక్కకు ఒరిగి, మేము చూస్తుండగానే బొక్కబోర్లా పడింది. క్యాన్లు అడుగున ఉండి పైకి తంతున్నాయి, బరువు పైన ఉండి కిందికి లాగుతోంది. పడవకు తిరగబడడం కన్నా వేరే దారి లేదు. నా అమరిక తేలింది గానీ తలకిందులుగా తేలింది.

పడవను తిప్పి నిలబెట్టడానికి ముగ్గురికి గంట పట్టింది. ఆ గంటలో నేను మాట్లాడలేదు, బావ కూడా దయదలిచి ఏమీ అనలేదు.

2025 ఏప్రిల్ 20, ఆదివారం

క్యాన్లన్నీ అడుగు నుంచి తీసి, రెండు పక్కలా అంచు కిందనే మూడేసి, ఇంజను బరువు మోయడానికి వెనుక మూలల్లో ఒక్కొక్కటి, ముందు కొనన ముక్కులో రెండు కట్టాము. వలకు చోటు మూడో వంతు తగ్గింది. బావ ముఖం మాడ్చుకున్నాడు, కానీ పోయిన వారం చూసినది చూశాడు కనుక కాదనలేదు.

మళ్లీ ముంచాము. ఈసారి పడవ అంచులు నీటికి నాలుగు వేళ్ల పైన నిలిచి, ఒరగకుండా తేలింది. బావ, నేను ఎక్కి కూర్చుంటే అంచు నీటికి సమానమైంది కానీ బోర్లపడలేదు. కుర్రవాడు ఒక పక్క అంచు పట్టుకుని వేలాడినా ఒరిగి ఆగింది. రెండు బకెట్లతో తోడితే అంచు లేవడానికి చాలాసేపు ఫలితమే కనబడలేదు. ఒకసారి కోత నీటి పైకి తేలాక, పంపు కూడా వేసుకుని, పావుగంటలో ఖాళీ చేశాము.

ఈ పరీక్షలో నేను అనుకోని సంగతి ఒకటి తెలిసింది. పడవ అన్నిటికన్నా ఎక్కువ ఊగిసలాడింది పూర్తిగా నిండినప్పుడు కాదు, చీలమండ కూడా మునగని నీరు ఉన్నప్పుడు. మా పడవ నేల మీద ఐదు సెంటీమీటర్ల లోతున నీరు నిలిస్తే అది సుమారు 180 కిలోలు, దాదాపు ముగ్గురు మనుషుల బరువు. మనిషి అయితే ‘కదలకుండా కూర్చో’ అంటే కూర్చుంటాడు. నీరు అలా కాదు, పడవ ఏ పక్కకు కొంచెం ఒరిగితే ఆ పక్కకే మొత్తం పరుగెత్తి ఒరుగును రెట్టింపు చేస్తుంది. అందుకని పడవ నడుమ పొడవునా జానెడు ఎత్తు పలక ఒకటి నిలబెట్టి, నీరు పంపు దగ్గరకు చేరడానికి వెనుక చివర వేలు పట్టే సందు మాత్రం వదిలాము. అటూ ఇటూ అడుగు వేయడానికి అది కాలికి అడ్డమే. వల పెట్టెను దాని మీద కూర్చోబెట్టి సర్దుకున్నాము.

2025 మే 4, ఆదివారం

పని తక్కువ. పడవ బయట రెండు పక్కలా ఎర్ర రంగుతో గీత గీశాము. ఇద్దరు మనుషులు, ఇంజను, వల, లంగరు, 80 కిలోల చేప పెట్టి, కోత నీటికి జానెడు ఎత్తున ఉన్నప్పుడు నీరు ఎక్కడుందో అక్కడ గుర్తు. ఆ గీత మునిగితే ఏదో ఒకటి దించాల్సిందే. మూడో మనిషి ఎక్కితే చేప 20 కిలోలకు మించకూడదు. 2023 ఫిబ్రవరిలో మన జిల్లాలోనే, పొదలకూరు మండలం తోడేరు చెరువులో సరదాగా పడవ ఎక్కిన పదిమందిలో ఆరుగురు మరణించారు. మేము గీత గీస్తున్నంతసేపూ ఒడ్డున కూర్చున్నవారి మాటల్లో ఆ సంగతే నడిచింది. బావ కొడుకు తన స్నేహితులతో ఒకసారి తిరిగివస్తానని నెల నుంచి అడుగుతున్నాడు. బావ వాడిని పిలిచి గీత చూపించాడు.

2025 జూన్ 8, ఆదివారం

పడమటి గాలులు మొదలయ్యాయి. పొద్దున అద్దంలా ఉండే నీరు మధ్యాహ్నానికి మడతలు పడి, పడమటి నుంచి ఆనకట్ట వైపు గాలి నిడుపాటి నీటి మీదుగా ఈడ్చుకువచ్చిన అలలు ఆనకట్ట దగ్గర అన్నిటికన్నా ఎత్తుగా లేస్తాయి. తెల్లవారుజామున బావతో నేనూ వెళ్లాను.

పడవలో ఎన్ని మార్పులు చేసినా, జనవరిలో నీరు తెచ్చినది చేతి అలవాటే కనుక, ఈ రోజు ఆయన పని చేసే తీరు మీదనే కన్ను పెట్టాను. వల ఇప్పుడు వెనుక నుంచి కాకుండా ముక్కు పక్క నుంచి ఎత్తుతున్నాడు. అక్కడ అంచు ఎత్తు, అలకు ముక్కు ఎదురుగా ఉంటుంది. ఒక చోట వల మోడుకు తగులుకుంది. రెండుసార్లు లాగి చూసి, లాగడం మానేసి, తాడుకు ఖాళీ సీసా కట్టి వదిలేసి, గాలి పడ్డాక ఎదురు దిక్కు నుంచి వచ్చి తీసుకున్నాడు. లంగరు ముక్కు నుంచే వేశాడు. వెనుక నుంచి లంగరు వేస్తే అల వచ్చి లేపాల్సిన పలకను తాడు కిందికి పట్టి ఉంచుతుంది, నీరు కోత మీదుగా తిన్నగా లోపలికి వస్తుంది.

నేను చేసిన తప్పు ఒకటి. తిరిగివచ్చేటప్పుడు ఇంజను నా చేతిలో ఉంది. ఒడ్డు దగ్గర తేలుతున్న దుంగ కనబడి చప్పున వేగం పూర్తిగా తగ్గించాను. మా వెనుకనే వస్తున్న మా పడవ అలే మమ్మల్ని అందుకుని కోత మీదుగా దూకింది. వచ్చిన నీరు కొత్త తొట్టిలో పడి, రెండు రంధ్రాల గుండా గుడగుడమని వెనక్కి పోయింది. తొట్టి లేకపోతే అది మా కాళ్ల కిందికి వచ్చేది. ‘దించేది మెల్లిగా దించరా, బండి బ్రేకు కాదు’ అని బావ ఆ తరువాత దారి పొడుగునా అంటూనే ఉన్నాడు.

ఒడ్డుకు చేరాక చూస్తే అడుగున నాలుగు వేళ్ల నీరు ఉంది, వల నుంచి కారినది, కానీ పంపు తిరగలేదు. ఫ్లోట్ స్విచ్ కీలులో ఒక శీలావతి పొలుసు, బొటనవేలి గోరంత, నిలువుగా ఇరుక్కుని దానిని పైకి లేవనివ్వడం లేదు. స్విచ్ మీద జల్లెడ పెడితే జల్లెడకే పొలుసులు అంటుకుంటాయి. చేతితో తిప్పే స్విచ్ ఒకటి బావ కూర్చునే బల్ల పక్కన కలిపాను. ఫ్లోట్ స్విచ్‌ను చిల్లులు పెట్టిన పీవీసీ గొట్టం ముక్కలో పెట్టి, ఒక్క స్క్రూ విప్పితే ఊడివచ్చేలా బిగించాను. ఆ స్క్రూకు సరిపడే స్క్రూడ్రైవరును, పది లీటర్ల తోడే బకెట్టుతో పాటు తాడు వేసి బల్లకు కట్టాము.